ఊరి చరిత్రలో ఊరి తప్పూ ఉండాలి

అమెరికాలో పౌర హక్కుల ఉద్యమం అనగానే అలబామా, మిసిసిపీ గుర్తొస్తాయి. బస్సులో సీటు వదలనన్న రోజా పార్క్స్, 1963 ఆగస్టు 28న వాషింగ్టన్‌లో మార్టిన్ లూథర్ కింగ్ ప్రసంగం కళ్లముందు కదులుతాయి. ఇలాంటి ఘట్టాలను ప్యానెళ్ల మీదకెక్కించి చిన్న పట్టణాల చారిత్రక సంఘాలకు పంపే ఏర్పాటు అక్కడ ఎప్పటి నుంచో ఉంది. స్మిత్‌సోనియన్ సంస్థ 1952 నుంచి సంచార ప్రదర్శనలను దేశమంతా తిప్పుతోంది. నల్లజాతి ప్రయాణికులకు ఏ ఊళ్లో బస దొరుకుతుందో, ఎక్కడ భోజనం పెడతారో చెప్పిన ‘గ్రీన్ బుక్’ మీద కూడా 2020లో ఒక ప్రదర్శన బయల్దేరింది. విక్టర్ హ్యూగో గ్రీన్ అనే పోస్ట్‌మ్యాన్ 1936లో మొదలుపెట్టిన పుస్తకం అది.

ఈ ప్రదర్శనలు రావాల్సిందే. కానీ తెచ్చిన ప్యానెళ్లను వరసగా నిలబెట్టి, గడువు తీరగానే పెట్టెల్లో సర్ది పంపేస్తే సరిపోదు. చూసినవాళ్లు ‘పాపం, దక్షిణాదిలో ఎంత ఘోరం జరిగిందో’ అనుకుంటూ ఇంటికెళ్లిపోతారు. సొంత వీధి సంగతి ఎవరికీ తట్టదు.

ఉత్తరాదిలోని మిన్నియాపోలిస్‌నే చూడండి. అక్కడ 1910 నుంచి ఇళ్ల దస్తావేజుల్లో ఒక షరతు కనిపిస్తుంది. స్థలం కొలతలు, హద్దులు, ధరలాంటి మామూలు వివరాల నడుమే ఓ వాక్యం: ఈ ఆస్తిని చైనా, జపాన్, టర్కీ, ఆఫ్రికా సంతతివాళ్లకు అమ్మరాదు, తాకట్టు పెట్టరాదు, అద్దెకివ్వరాదు. మిన్నెసోటా విశ్వవిద్యాలయ బృందం 2016లో పాత రికార్డులు తిరగేయడం మొదలుపెట్టి, ఒక్క ఆ నగరంలోనే ఇలాంటివి దాదాపు 8,000 వెలికితీసింది.

అలాంటి ఊళ్లో 1931లో ఆర్థర్ లీ ఇల్లు కొన్నాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో పోరాడి వచ్చి, తపాలా శాఖలో పనిచేస్తున్న నల్లజాతీయుడు. జులైలో రాత్రిపూట వేలమంది తెల్లవాళ్లు ఆ ఇంటిని చుట్టుముట్టారు. లీనా ఆలివ్ స్మిత్ అనే న్యాయవాది అండతో ఆ కుటుంబం కదల్లేదు. చివరికి 1933లో ఇల్లు వదిలింది.

స్థానిక హెనెపిన్ హిస్టరీ మ్యూజియం 2018లో నగరంలోని గృహవివక్ష మీదే ప్రదర్శన పెట్టింది. చిన్న సంస్థలు పట్టుకోవాల్సిన దారి ఇదే. నిధులు చాలవన్నది నిజమే. కానీ పాత దస్తావేజు నకలుకు పెద్ద ఖర్చేం కాదు. అసలు ఇబ్బంది మొహమాటం. ఆ షరతులు రాయించినవాళ్ల మనవలు అదే ఊళ్లో ఉండొచ్చు, సంఘానికి చందాలూ ఇస్తుండొచ్చు. ఆ మొహమాటానికి లొంగితే మిగిలేది ఊరి పొగడ్తే తప్ప చరిత్ర కాదు.

తెలుగువాళ్లకు ఇదంతా పరాయి గొడవేం కాదు. 1946 చట్టం ప్రకారం భారతీయులకు అమెరికా ఇచ్చిన కోటా ఏడాదికి 100 మంది. పుట్టిన దేశాన్నిబట్టి మనుషుల్ని తూచే ఆ పద్ధతిని 1965 వలస చట్టం ఎత్తేసింది. పౌర హక్కుల ఉద్యమ వేడిలో పుట్టిన చట్టమది. మన డాక్టర్లు, ఇంజినీర్లు పెద్దసంఖ్యలో వెళ్లింది ఆ తలుపు తెరుచుకున్నాకే. వాళ్లు కొన్న పాత ఇళ్ల కాగితాల్లోనూ ఆ షరతు ఉండొచ్చు. సియాటెల్‌లోనైతే చాలా దస్తావేజులు ఆసియావాళ్లనూ నిషేధించాయి.

సుప్రీంకోర్టు 1948లోనే ఈ షరతులను కోర్టులు అమలు చేయరాదంది. 1968 చట్టం గృహవివక్షను నిషేధించింది. తమ దస్తావేజులోని షరతును తిరస్కరిస్తూ పత్రం నమోదు చేయించుకునే వీలును మిన్నెసోటా 2019లో యజమానులకిచ్చింది. అమెరికాలోని తెలుగు కుటుంబాలు ఈసారి తమ ఊరికి ప్రదర్శన వస్తే ఊరికే చూసి రావొద్దు. ముందుగా ఇంటి పాత దస్తావేజు తెప్పించి చదవాలి. అందులో ఆ వాక్యం కనిపిస్తే నకలు తీసి చారిత్రక సంఘానికివ్వాలి. ప్యానెళ్ల పక్కనే పెట్టమని అడగాలి.