విమానంలో వైఫై: ప్యాక్ పేరు కాదు, శాటిలైట్ ఎంత ఎత్తులో ఉందో చూడండి

ఫోన్ కొనేటప్పుడు ప్రాసెసర్ పేరు దగ్గర్నుంచి చార్జర్ ఎన్ని వాట్లో దాకా ఆరా తీస్తాం. విమానంలో ఇంటర్నెట్ కొనేటప్పుడు మాత్రం ‘బ్రౌజింగ్’, ‘ప్రీమియం’ అన్న పేర్లు చూసి కార్డు నంబర్ కొట్టేస్తాం. చాలా ప్యాక్‌లలో స్పీడ్ ఎంతో, సిగ్నల్ ఏ రకం శాటిలైట్ నుంచి వస్తుందో రాసి ఉండదు. ఆ రెండూ చెప్పని ప్యాక్‌కి మెసేజింగ్ వరకే డబ్బు పెట్టాలన్నది నా అభిప్రాయం.

కారణం సింపుల్. చాలా విమానాలు ఇప్పటికీ జియోస్టేషనరీ శాటిలైట్ల మీదే నడుస్తున్నాయి. అవి దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తులో ఉంటాయి. మీ రిక్వెస్ట్ పైకి వెళ్లి, కిందున్న గ్రౌండ్ స్టేషన్‌కి చేరి, జవాబు మళ్లీ అదే దారిలో రావాలి. మొత్తం 1,44,000 కిలోమీటర్లు. కాంతి వేగంతో వెళ్లినా దాదాపు అర సెకను పడుతుంది. అంటే పింగ్ 500 మిల్లీసెకన్ల దగ్గర మొదలవుతుంది. దానికి తోడు ఒకే యాంటెన్నాని విమానంలో ఉన్నవాళ్లందరూ పంచుకోవాలి. వాట్సాప్ మెసేజ్‌కి ఇది చాలు. వీడియో కాల్ తడబడుతుంది, ఆన్‌లైన్ గేమ్ సంగతి మర్చిపోండి. ‘ప్రీమియం’ ప్యాక్ తీసుకున్నా ఆ దూరం తగ్గదు కదా!

స్టార్‌లింక్ శాటిలైట్లు తిరిగేది సుమారు 550 కిలోమీటర్ల ఎత్తులోనే. కాబట్టి పింగ్ బాగా తగ్గుతుంది. ఖతార్ ఎయిర్‌వేస్ 2024 అక్టోబర్‌లో బోయింగ్ 777 విమానాల్లో దీన్ని మొదలుపెట్టి, ప్రయాణికులకు ఫ్రీగానే ఇస్తోంది. అమెరికాలో డెల్టా 2023 ఫిబ్రవరి నుంచి తన స్కైమైల్స్ సభ్యులకు చాలా దేశీయ విమానాల్లో ఫ్రీ చేసింది. మన దగ్గర ఎయిర్ ఇండియా 2025 జనవరిలో కొన్ని విమానాల్లో, దేశీయ రూట్లలో ఫ్రీ వైఫై ప్రకటించింది. అంటే ఎక్కువ డబ్బు కడితే మంచి నెట్ వస్తుందన్న లెక్క ఇక్కడ పనిచేయదు.

యాంటెన్నాకి, శాటిలైట్ బ్యాండ్‌విడ్త్‌కి ఖర్చవుతుంది, నిజమే. తీసుకోనివ్వండి. కానీ ఏం అమ్ముతున్నారో చెప్పి తీసుకోవాలి.

ఇంకో దారి సిమ్ రోమింగ్ ప్యాక్. 2024 ఫిబ్రవరిలో ఎయిర్‌టెల్ 195 రూపాయలకు 250 ఎంబీ, 24 గంటల వ్యాలిడిటీతో తెచ్చింది. విమానంలోనే ఉండే చిన్న సెల్ టవర్‌కి ఫోన్ కనెక్ట్ అవుతుంది. ఎస్సెమ్మెస్‌లు కూడా వస్తాయి. అయితే ప్యాక్ లేకుండా రోమింగ్ ఆన్‌లో ఉంచి, ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టడం మర్చిపోతే మాత్రం బిల్లు చూసి గుండె ఆగినంత పనవుతుంది.

హైదరాబాద్ నుంచి దోహా, దుబాయ్ మీదుగా అమెరికా వెళ్లే స్టూడెంట్లు ముఖ్యంగా ఇవి గుర్తుపెట్టుకోవాలి. వైఫై కావాలంటే టికెట్ బుక్ చేసిన సైట్‌లోనే ముందుగా కొనడానికి వీలుందేమో చూడండి. పైకెళ్లాక కొంటే బ్యాంక్ ఓటీపీ అడగొచ్చు. సిమ్‌కి సిగ్నల్ లేకపోతే ఆ ఎస్సెమ్మెస్ రాదు. లాగిన్ పేజీ తెరుచుకోకపోతే ఆండ్రాయిడ్‌లో ప్రైవేట్ డీఎన్ఎస్ ఆఫ్ చేసి చూడండి. ఫొటోల బ్యాకప్, యాప్ అప్‌డేట్లు ఆపేయండి, లేకపోతే 250 ఎంబీ మీకు తెలియకుండానే ఖాళీ అవుతుంది.

ఎయిర్‌లైన్స్‌ని మనం అడగాల్సినవి మూడే. ప్యాక్ పేజీలోనే శాటిలైట్ రకం చెప్పాలి, ఒక్కో ఫోన్‌కి ఎంత స్పీడ్ వస్తుందో రాయాలి, కనెక్షన్ రాకపోతే అడగకుండానే రీఫండ్ ఇవ్వాలి. పదివేల ఫోన్ బాక్స్ మీద కూడా స్పెక్స్ ఉంటాయి. సముద్రం మీద ఎగురుతూ కొనే ప్యాక్‌కి ఆ మాత్రం వివరాలు అడగడం తప్పేం కాదు.