అభిమానానికి యజమాని ఎవరు?

ఫుట్‌బాల్ క్లబ్బుల యాజమాన్యం గురించి సాహిత్య విమర్శ పత్రికలో రాయటమేమిటని ముఖం చిట్లించే మిత్రులు నాకు తెలుసు. వారిలో రెండు తెగలున్నాయి. ఆట ఆటే, దానిలోకి రాజకీయాలు లాగవద్దనేది మొదటి తెగ. ఆట ప్రజలకు మత్తుమందు, ఇరవైరెండుమంది ఒక బంతి వెంట పరుగెత్తుతుంటే వెర్రికేకలు వేసేవాడికి విలువలేమిటనేది రెండో తెగ. మొదటివారు మితవాదులు. రెండోవారు మనవాళ్ళే. నా తగాదా ముఖ్యంగా వీరితో. మొదటివారికి నేను జవాబు చెప్పనక్కరలేదు. సౌదీ అరేబియా ప్రభుత్వ నిధి ఏనాడో చెప్పింది. రాజకీయాలు లేని వస్తువు కోసం ఏ రాజ్యమూ ముప్ఫై కోట్ల పౌన్లు వెచ్చించదు.

నేను మాట్లాడుతున్నది న్యూకాసిల్ యునైటెడ్ గురించి. ఇంగ్లండు ఈశాన్యమూల, టైన్ నది ఒడ్డున, బొగ్గుకూ ఓడల నిర్మాణానికీ పేరుమోసిన ప్రాంతం అది. గనులు మూతబడ్డాయి. ఓడల కార్ఖానాలు మూతబడ్డాయి. 1892లో ఆ పేరు పెట్టుకున్న క్లబ్బు మాత్రం ఊరి నడిబొడ్డున, సెయింట్ జేమ్స్ పార్కు మైదానంలో, మిగిలింది. ఆ ఊరు ఈనాటికీ తలుచుకునే జాకీ మిల్‌బర్న్ బొగ్గుగనుల ఊరైన ఆషింగ్టన్‌లో పుట్టినవాడు. ఆయన ఆడిన జట్టు 1951లో, 1952లో, 1955లో దేశపు కప్పు గెలిచింది. ఆ తరువాత స్వదేశంలో మరొక పెద్ద కప్పు గెలవటానికి 2025 మార్చి దాకా, అంటే డెబ్బై ఏళ్ళు, పట్టింది. తాతలు చూసినదాన్ని మనుమలు చూడలేదు. అయినా మైదానం నిండుతూనే వచ్చింది. ఈ సంగతి గుర్తుంచుకోండి, దీనితో పని ఉంది.

2007లో ఆ క్లబ్బును మైక్ ఆష్లీ అనే క్రీడావస్త్రాల వర్తకుడు కొన్నాడు. పద్నాలుగేళ్ళు ఏలాడు. ఆయన హయాములో జట్టు రెండుసార్లు కింది శ్రేణికి పడిపోయింది. 2011లో మైదానం పేరు తీసేసి తన దుకాణాల పేరు తగిలించాడు. తరువాత ఆ పాత పేరు తిరిగి వచ్చిందిగాని, వచ్చిన దారి చూడండి: 2013 నుంచి ఆటగాళ్ళ చొక్కాల మీదికి వోంగా అనే కంపెనీ పేరు ఎక్కింది, ఆ కంపెనీయే ఒప్పందంలో భాగంగా మైదానానికి పాత పేరు ఇప్పించింది. నెల జీతం అందేలోగా చేతిలో డబ్బు ఆడని పేదలకు అప్పిచ్చి, ఒళ్ళు గగుర్పొడిచే వడ్డీ గుంజే వ్యాపారం దానిది. మన బెజవాడ కాల్‌మనీ వాళ్ళకు తోబుట్టువు. గని కార్మికుల మనుమల గుండెల మీద వడ్డీ వ్యాపారి పేరు! దీన్ని అభిమానులు ఊరికే భరించలేదు. ఊరేగింపులు తీశారు, బ్యానర్లు కట్టారు, మైదానానికి రావటం మానుకుందామని పిలుపులిచ్చారు. ఆష్లీ తన ధర తనకు వచ్చేదాకా కదలలేదు.

2021 అక్టోబరు 7న ఆ ధర వచ్చింది. సౌదీ ప్రభుత్వ పెట్టుబడి నిధి నాయకత్వాన ఒక కూటమి 30 కోట్ల 50 లక్షల పౌన్లకు క్లబ్బును కొన్నది; అందులో నూటికి 80 వాటాలు ఆ నిధివి. నిధికి అధ్యక్షుడు యువరాజు మహమ్మద్ బిన్ సల్మాన్. పత్రికా రచయిత జమాల్ ఖషోగ్గీని 2018లో ఇస్తాంబుల్‌లోని సౌదీ దౌత్య కార్యాలయంలో చంపిన చర్యకు ఈ యువరాజు ఆమోదం ఉందని అమెరికా గూఢచారి శాఖే 2021 ఫిబ్రవరిలో నివేదిక వెలువరించింది, ఆయన కాదన్నాడు. క్లబ్బును సౌదీ రాజ్యం అదుపు చేయబోదని తమకు చట్టబద్ధమైన హామీ ముట్టిందని ప్రీమియర్ లీగువారు ప్రకటించారు. అధ్యక్షుడు యువరాజే, నిధి రాజ్యానిదే, కాని క్లబ్బుకూ రాజ్యానికీ సంబంధం లేదట! 2023లో అమెరికాలో ఒక గోల్ఫు వ్యాజ్యంలో కాగితాలు చూపమన్నప్పుడు ఇదే నిధి, తాను రాజ్యంలో భాగమని, రాజ్యానికుండే మినహాయింపు తనకూ ఉందని వాదించింది. ఇంగ్లండులో వర్తకుడు, అమెరికాలో సార్వభౌముడు.

ఆ అక్టోబరు సాయంత్రం వేలమంది అభిమానులు మైదానం ముందు చేరి పాడారు, గంతులు వేశారు. కొందరు తలకు తువ్వాళ్ళు చుట్టి అరబ్బు వేషాలు కట్టారు. అంతకు ముందే అభిమానుల సంఘం తన సభ్యులను అడిగితే పదిమందిలో తొమ్మిదిమందికి పైగా ఈ అమ్మకాన్ని బలపరిచారు. 2022 మార్చి 12న సౌదీ ప్రభుత్వం ఒక్కరోజున 81 మందికి మరణశిక్ష అమలు జరిపింది. మరునాడు న్యూకాసిల్ జట్టు లండనులో చెల్సీతో ఆడింది. శిక్షల గురించి విలేఖరులు అడిగితే, ఆట గురించి మాత్రమే మాట్లాడతానన్నాడు జట్టు శిక్షకుడు. ఎదుటి క్లబ్బు యజమాని అబ్రమోవిచ్ ఆస్తులను బ్రిటిషు ప్రభుత్వం స్తంభింపజేసి అప్పటికి మూడురోజులు. ఆ వారం ముందు, ఉక్రెయిన్ కోసం కరతాళ ధ్వనులు చేస్తున్న సమయంలో చెల్సీ అభిమానులు కొందరు అబ్రమోవిచ్ పేరు పాటకట్టి పాడారు.

చూశారా, మేము చెప్పలేదా, అంటారు నా మిత్రులు. కాస్త ఆగండి. ఇదే న్యూకాసిల్ అభిమానులు ఆట ఉన్న రోజుల్లో మైదానం బయట నిలబడి, ఊళ్ళో తిండికి లేనివారి కోసం డబ్బూ సరుకులూ పోగుచేస్తారు. ఆ విరాళాలు చేరేది న్యూకాసిల్ వెస్ట్ ఎండ్ ఆహార నిధికి. కెన్ లోచ్ 2016లో తీసిన 'ఐ, డేనియల్ బ్లేక్' చిత్రంలో, ఆకలికి తాళలేక ఆ తల్లి డబ్బా తెరిచి చేత్తో తినే దృశ్యం ఉన్నది ఆ ఆహార నిధిలోనే. ఈ పనికి పూనుకున్నవారు ఆష్లీ కాదు, యువరాజూ కాదు. టిక్కెట్టు కొని లోపలికి పోయేవారు. ఒకే మనిషి గేటు బయట బియ్యం డబ్బా వేసి, గేటు లోపల యువరాజుకు జేకొడుతున్నాడు. అతనికి విలువలు లేవనటం అబద్ధం. విలువలున్నవాడు ఈ పని ఎందుకు చేశాడనేదే ప్రశ్న.

నా జవాబు ఇది. పద్నాలుగేళ్ళు అతను ఎదిరించాడు, ఫలితం లేదు. ఒకనాడు ఒక కోటీశ్వరుడు పోయి మరొక కుబేరుడు వచ్చాడు, దశ తిరిగింది. యజమానిని దించగలిగేది అతనికన్న పెద్ద యజమాని మాత్రమేనని అతనికి అనుభవం నేర్పింది. మార్కెట్టు నేర్పిన ఈ పాఠాన్ని నీతి బోధతో చెరిపేద్దామనుకునేవాడికి భౌతికవాదం గురించి మాట్లాడే అర్హత లేదు. కొనుగోలు మీద అతన్ని ఎవరూ వోటు అడగలేదు. అభిమానుల సంఘం అడిగింది అభిప్రాయం. అభిప్రాయానికి ధర లేదు గనక దానికి బాధ్యతా లేదు. ఏ నిర్ణయమూ తన చేతిలో లేనివాడు పెళ్ళికొడుకు ఎవరైనా పందిట్లో పాడతాడు.

ఇంతకూ ఆ 30 కోట్ల 50 లక్షలకు కొన్నదేమిటి? మైదానం కింది నేల కూడా క్లబ్బుది కాదు, ఊరిది. క్లబ్బుకున్నది కౌలు మాత్రమే. ఆటగాళ్ళు వచ్చి పోయేవాళ్ళు. గోలు స్తంభాలు ఏ ఊళ్ళోనైనా పాతవచ్చు. డెబ్బై ఏళ్ళు కప్పు లేకపోయినా ఖాళీ కాని ఆ మైదానముందే, ఆ జనం, అదీ కొన్న సరుకు. తరతరాలుగా ఒక ఊరి శ్రామికులు పోగుచేసిన మమకారాన్ని ఒక వర్తకుడు మరొక రాజ్యానికి అమ్మాడు. ఆ మమకారం అతని లెక్కల పుస్తకంలో ఎట్లా చేరింది? రాజ్యానికి అది ఎందుకు కావలసివచ్చింది? ఖషోగ్గీ పేరు చెప్పగానే గుర్తుకు వచ్చే దేశం, కొంతకాలానికి ఒక గోలు చెప్పగానే గుర్తుకు రావాలి గనక. ఇది అతని బట్టలకంటిన నెత్తురు మన పంచెతో తుడిపించటం. పంచె ఎవరిదో వారిని అడగకుండా.

అయితే ఆష్లీకీ యువరాజుకూ తేడా ఏమిటి, పెట్టుబడి అంతా ఒకటే కాదా అనే మిత్రుడొకడున్నాడు. ఈ వాదం వినటానికి తీవ్రంగా ఉంటుంది, ఫలితంలో పరమ సోమరిది. అంతా ఒకటే అయినప్పుడు ఏదీ చేయనక్కరలేదు కదా. వర్తకుడు లాభం కోసం వచ్చాడు. అతన్ని తిట్టితే జైలుకు పంపలేదు. యువరాజు వచ్చింది పేరు కడుక్కోవటానికి. ఆయన రాజ్యంలో ఆయన మీద ఒక వాక్యం రాసినందుకు ఏళ్ళ తరబడి శిక్షలు పడ్డాయి. తెలుగువాడికి ఈ తేడా పుస్తకాల్లో చదివి తెలుసుకోవలసిన అవసరం లేదు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాదు, కడప, గోదావరి జిల్లాల నుంచి గల్ఫుకు పోయినవారి ఇళ్ళలో అడగండి. ఉద్యోగం మారాలన్నా, ఇంటికి తిరిగి రావాలన్నా యజమాని అనుమతి కావలసిన కఫాలా పద్ధతి కింద మనవాళ్ళు దశాబ్దాలు అక్కడ రోడ్లు వేశారు, గోడలు కట్టారు, ఇళ్ళు ఊడ్చారు. శవపేటిక ఊరికి చేరటానికి నెలలు ఎదురుచూసిన కుటుంబాలున్నాయి. మా తరగతిలో కుర్రవాళ్ళు మాంచెస్టర్ సిటీ నీలపు చొక్కా వేసుకు వస్తారు. ఆ క్లబ్బు 2008 నుంచి అబూధాబీ రాజకుటుంబీకుడిది, చొక్కా మీద ఉన్నది అబూధాబీ విమాన కంపెనీ పేరు. ఆ కుర్రవాళ్ళలో మేనమామలో చిన్నాన్నలో ఆ దేశంలో పనిచేస్తున్నవారు ఉన్నారు. నేను చొక్కా విప్పమనను. దాని మీద రాసి ఉన్నది చదవమంటాను.

వోటు ఉంటే మనిషి మారతాడా? జర్మనీ చూడండి. అక్కడ క్లబ్బులు సభ్యుల సంఘాలుగా పుట్టాయి. 1998లో ఫుట్‌బాల్ విభాగాన్ని కంపెనీగా మార్చుకోనిచ్చారుగాని, ఆ కంపెనీలో సగానికి మించిన వోటు హక్కులు సభ్యుల సంఘం చేతిలోనే ఉండాలని నియమం పెట్టారు. దీనికి తూట్లున్నాయి. లెవర్‌కూజెన్ మందుల కంపెనీది, వోల్ఫ్స్‌బర్గ్ కార్ల కంపెనీది. లైప్‌జిగ్‌లో ఒక పానీయాల కంపెనీ వోటున్న సభ్యులను పిడికెడుమందికి కుదించి నియమాన్ని వెక్కిరించింది. అయినా 2023 డిసెంబరులో లీగు తన ప్రసార ఆదాయంలో వాటాను ఇరవై ఏళ్ళకు పెట్టుబడిదారులకు అమ్మటానికి తీర్మానించినప్పుడు, ఊరూరా అభిమానులు టెన్నిసు బంతులు మైదానంలోకి విసిరి ఆటలు ఆపారు. 2024 ఫిబ్రవరి 21న లీగు ఆ ప్రయత్నం విరమించుకున్నది. 2021 నవంబరులో బయర్న్ మ్యూనిక్ సర్వసభ్య సమావేశంలో, కతార్ విమాన కంపెనీతో ఒప్పందం మీద చర్చకు తావివ్వని నాయకత్వాన్ని సభ్యులు నిలబెట్టి కేకలు వేశారు. ఆ ఒప్పందం 2023లో ముగిసింది, కొనసాగలేదు. అదే గల్ఫు డబ్బు, అదే ఆట, మనుషులు కూడా అటువంటివారే. కాని ఇక్కడ అధ్యక్షుడు సభ్యుల ముందు నిలబడక తప్పలేదు. బయర్న్ సభ్యులు హరిశ్చంద్రులని నేననటం లేదు. అదే ఏడు క్లబ్బు రువాండా ప్రభుత్వంతో మరో ఒప్పందం చేసుకుంది, దాని మీదా తగువు జరిగింది. తగువు పడటానికి ఒక స్థలం ఉండటమే నేను చెప్పేది.

ఇంగ్లండులో ఆ స్థలం లేదు. 2021 ఏప్రిల్‌లో పన్నెండు పెద్ద క్లబ్బుల యజమానులు తమకు తామే ఒక సూపర్ లీగు ప్రకటించుకుంటే అభిమానులు వీధికెక్కి రెండురోజుల్లో దాన్ని కూల్చారు. గొప్ప విజయం. యజమానులు మాత్రం తమ కుర్చీల్లోనే ఉన్నారు. 2025లో వచ్చిన ఫుట్‌బాల్ పరిపాలనా చట్టం యజమానుల అర్హత చూడటానికి ఒక నియంత్రణాధికారిని పెట్టింది, అభిమానులను సంప్రదించమన్నది. సంప్రదింపు వేరు, వోటు వేరు. అధ్యాపక సంఘాల్లో పనిచేసినవారికి ఈ తేడా వివరించనక్కరలేదు.

మనకు క్లబ్బే లేదు, ఈ గొడవ మనకెందుకంటారా? హైదరాబాదు ఒకప్పుడు ఫుట్‌బాల్ నగరం. బడిపంతులు సయ్యద్ అబ్దుల్ రహీం తీర్చిదిద్దిన సిటీ పోలీసు జట్టు 1950 నుంచి వరసగా ఐదేళ్ళు రోవర్స్ కప్పు గెలిచింది. 2019లో పుణె నుంచి ఒక క్లబ్బు హైదరాబాదు పేరుతో వచ్చింది. 2022 మార్చిలో దేశంలోని పెద్ద లీగు కప్పు గెలిచింది. రెండేళ్ళలో ఆటగాళ్ళకు జీతాలు అందని స్థితికి చేరింది, చేతులు మారింది, 2025లో ఢిల్లీ చేరి పేరు మార్చుకుంది. పుణెవారిని అడగకుండా వచ్చింది, మనలను అడగకుండా పోయింది. కలకత్తాలో ఇంత సులువుగా జరగదు. 2020లో మోహన్ బగాన్ పేరు ముందు మరో కంపెనీ జట్టు పేరు తగిలిస్తే అక్కడివారు మూడేళ్ళు గోల చేసి 2023లో దాన్ని తీయించారు. వారు తీయించగలిగింది పేరు. వాటాలు ఎవరివో వారివే. మన ఊళ్ళో ఆ గోలకైనా జనం మిగలలేదు. మన సంఘాలు నాటకానికి, పాటకు, కవిత్వానికి శాఖలు పెట్టాయి. ఆదివారం సాయంత్రం మన కుర్రవాళ్ళు ఎక్కడుంటారో అక్కడ మాత్రం ఎవరూ లేరు.

2025లో న్యూకాసిల్ కప్పు గెలిచిన రాత్రి ముసలివాళ్ళు ఏడవటం చూసి నాకు సంతోషమే కలిగింది. ఆ కన్నీళ్ళు యువరాజువి కావు. అందుకే నా మిత్రుల ముందు ఇంకొక దృశ్యం పెడుతున్నాను. 2021 అక్టోబరు 23న న్యూకాసిల్ జట్టు లండనులో క్రిస్టల్ పాలెస్ మైదానానికి వచ్చినప్పుడు, పాలెస్ అభిమానులు ఒక పెద్ద బట్ట మీద బొమ్మ గీసి ఎత్తారు. అందులో యజమాని అర్హత పరీక్ష పట్టీ ఉంది: హత్య, శిరచ్ఛేదం, సెన్సారు, పీడన, ఒక్కొక్కదానికీ టిక్కు. అరబ్బును గీసిన తీరు మొరటుగానే ఉంది, అది వేరే తగాదా. ఎవరో ఫిర్యాదు చేశారు. పోలీసులు కొన్నవాడి మీద కాదు, బట్ట మీద విచారణ మొదలుపెట్టి, తరువాత చర్య అక్కరలేదని వదిలేశారు. ఆ బట్ట కుట్టినవాళ్ళు కూడా వారం వారం వెర్రికేకలు వేసేవాళ్ళే. వారిని ఏ పద్దులో రాస్తారో మత్తుమందు సిద్ధాంతం మిత్రులు వచ్చే సంచికలో చెప్పాలి.