పుట్టకొక్కుకు చట్టంలో చోటేదీ?

తొలకరి పడి, నాలుగు ఉరుములు ఉరిమాక వేంసూరు, సత్తుపల్లి, అశ్వారావుపేట రోడ్ల పక్కన ఆకుల మీద కుప్పలు పోసిన పుట్టకొక్కులు కనిపిస్తాయి. ధర ఎంత చెప్పినా పొద్దెక్కేసరికి మిగలవు. పాల పుట్టగొడుగులు, చిప్ప పుట్టగొడుగులు ఏడాది పొడవునా దొరుకుతున్నా వీటి గిరాకీ తగ్గలేదు. రుచి సంగతి అటుంచితే, వీటిని షెడ్డులో పండించడం ఇప్పటికీ ఎవరికీ లాభసాటిగా చేతకాలేదు. చెదలు లేనిదే ఇవి లేవు.

ఫ్రెంచి శాస్త్రవేత్త రోజర్ హీమ్ 1942లో ఈ ప్రజాతికి టెర్మిటోమైసిస్ అని పేరు పెట్టాడు. చెదపురుగులు ఎండుటాకు, పుల్ల, గడ్డి నమిలి మింగి, ఆ పెంటికలతో పుట్ట అడుగున తేనెపట్టులాంటి గూడు కడతాయి. దాని మీద పెరిగే బూజు, చెదలు సొంతంగా అరిగించుకోలేని లిగ్నిన్‌ను విడగొడుతుంది. బూజు మెత్తబరిచిన గూడునే చెదలు మళ్లీ తింటాయి. ఈ పొత్తు సుమారు 3 కోట్ల ఏళ్ల కిందట ఆఫ్రికాలో మొదలైందని అంచనా. వానలు పడ్డాక ఆ బూజే పొడవాటి కాడ వేసి మట్టిని చీల్చుకొస్తుంది. మనం కూర వండుకునేది ఆ గొడుగునే.

ఇందులో కాలం లెక్క ఒకటుంది. తొలి వానలకు ఉసుళ్లు ఎగిరి కొత్త పుట్టలకు పునాది వేస్తాయి. చాలా జాతుల్లో అవి బూజును వెంట తీసుకుపోవు. కొత్త పుట్టలో పుట్టిన కూలి చెదలు మేతకు బయటికొచ్చినప్పుడు, విచ్చుకున్న గొడుగుల నుంచి రాలిన సిద్ధబీజాలను మేతతోపాటు లోపలికి చేరవేస్తాయి. కాబట్టి మొగ్గ మీదే అన్నీ పెరికేస్తే నష్టపోయేది వచ్చే ఏటి కూర ఒక్కటే కాదు, కొత్త పుట్టలు కూడా. తోటల కోసం పుట్టలను చదును చేయడం, చెదల మందు పోయడం అంతకంటే పెద్ద దెబ్బ. నాగుల చవితికి పాలు పోసే పుట్టకున్న రక్షణ మిగతా పుట్టలకు లేదు.

సత్తుపల్లి, అశ్వారావుపేట వైపు అడవి బస్తర్ అడవి లాంటిది కాదు. అక్కడ సాల్ చెట్ల వేళ్లతో జతకట్టిన బోడాలు అనే కొక్కులు సంతలను నింపుతాయి. ఇక్కడి టేకు, నల్లమద్ది, తునికి వేళ్లలోనూ శిలీంధ్రాలున్నాయి కానీ అవి పైకి గొడుగులెత్తే రకం కాదు. అందుకే ఇక్కడ కొక్కు కథ ప్రధానంగా చెదలదీ, ఎండుకర్రదీ. పడిన మాను మీద అరలు అరలుగా గానోడెర్మా, ట్రామెటీస్, ఎర్రటి పిక్నోపోరస్ పుడతాయి. అవి కుళ్లబెడితేనే కర్రలోని సత్తువ మట్టికి చేరుతుంది. పామాయిల్ తోటలో చెట్టు మొదలును కుళ్లబెట్టే గానోడెర్మా ప్రజాతి అడవిలో చేసేదీ అదే పని. అక్కడది తెగులు, ఇక్కడది ఎరువు. ఇప్పపూలు ఏరుకోవడానికీ, తునికి చిగుళ్ల కోసమూ ఎండాకాలంలో పెట్టే మంటలు ఈ ఆకునూ కర్రనూ ముందే బూడిద చేస్తున్నాయి.

ఇక ఈ అడవికి చట్టం ఇచ్చే రక్షణ సంగతి. కిన్నెరసాని అభయారణ్యం 1977లో ఏర్పడింది. పాపికొండలు 2008లో జాతీయ పార్కు అయ్యాయి. 2014లో రాష్ట్ర విభజనతో ఏడు పోలవరం ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లడంతో గోదావరి వెంట అడవి రెండు రాష్ట్రాల చేతిలో పడింది. రెండు చోట్లా వర్తించే 1972 వన్యప్రాణి చట్టం షెడ్యూళ్లలో జంతువులున్నాయి, మొక్కలున్నాయి, శిలీంధ్రాలు లేవు. 2006 అటవీ హక్కుల చట్టం చిన్న తరహా అటవీ ఉత్పత్తులను మొక్కల నుంచి వచ్చేవిగా నిర్వచించింది. శాస్త్రం ప్రకారం కొక్కు మొక్క కాదు. కోయ మహిళ బుట్టలోని కొక్కుల మీద ఆమె హక్కును చట్టం పేరు పెట్టి చెప్పలేదన్నమాట. చిలీ 2010లోనే శిలీంధ్రాలను పర్యావరణ చట్టంలోకి తెచ్చింది. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం 2025 నాటికి పరిశీలించిన దాదాపు 1,300 శిలీంధ్ర జాతుల్లో 411 అంతరించే ముప్పులో ఉన్నాయి.

పార్లమెంటు సవరణ దాకా ఆగనక్కర్లేదు. 2002 జీవవైవిధ్య చట్టం కింద పంచాయతీ స్థాయిలో రాయాల్సిన ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్లలో కొక్కులకు పుటలు కేటాయించవచ్చు. తినేవాటితోపాటు తినకూడనివీ రాయాలి. విషాన్ని పట్టిస్తాయనే పసుపు, వెండి పరీక్షలను నమ్మడానికి లేదు. అమాటాక్సిన్ అనే విషం ఉన్న కొక్కు తిన్నాక ఆరు గంటలకో పన్నెండు గంటలకో గానీ వాంతులు మొదలుకావు, ఆలోగా కాలేయం దెబ్బతింటూ ఉంటుంది. ఏది ఏదో గుర్తుపట్టే పెద్దవాళ్లు ఇంకా గూడేల్లో ఉన్నారు. రాసేవాళ్లు మాత్రం వాగులు పొంగే జూన్–సెప్టెంబరు నెలల్లోనే వెళ్లాలి. రోడ్లు బాగుండే వేసవిలో సర్వే పెడితే ఒక్క పుట్టకొక్కూ కనిపించదు.