పటం విప్పినోళ్లకు కుర్చీ ఏది?

మొన్న మా వాడ ఆడపిల్ల ఒకామె ఎం.ఏ. పూర్తిచేసి మా ఇంటికొచ్చింది. "సారూ, జాంబపురాణం మీద పరిశోధన చేస్తనంటే ఏ శాఖకు పోవాలె?" అని అడిగింది. నాకు వెంటనే జవాబు దొరకలేదు.

తెలుగు శాఖకు పోతే పాఠం తెమ్మంటరు. మానవశాస్త్రపోళ్లు కులం, ఆచారం అడుగుతరు. రంగస్థలపోళ్లకు చిందు ఆట కావాలె, చిత్రకళపోళ్లకు పటం మీది రంగులు కావాలె. చరిత్ర శాఖ, శాసనముందా అంటది. వాడకొచ్చి పటం విప్పే డక్కలికి ఈ గోడలు లేవు. బొమ్మ చూపిస్తడు, కథ చెప్తడు, మన వంశాలు చదువుతడు, తనకు రావాల్సిన మిరాశి అడిగి తీసుకుంటడు. చిందోళ్లు అదే కథను రాత్రంతా ఆడి చూపిస్తరు. ఆ ఒక్క కథ యూనివర్సిటీ గడప దాటినంక అయిదు ముక్కలైతది.

విశ్వవిద్యాలయాలు ఏమీ చేయలేదనడం అన్యాయం. 1950లలోనే ఉస్మానియాలో బిరుదురాజు రామరాజు గారు జానపద గేయాలను పరిశోధనకెక్కించారు. 1985లో తెలుగు విశ్వవిద్యాలయం వచ్చింది, దానికి వరంగల్లులో జానపద గిరిజన విజ్ఞాన పీఠం ఉంది. ఇసొంటి సేకరణలు లేకుంటే చాలా కథలు చెప్పినోళ్లతోనే పోయేవి. మా తగాదా వేరే. సంస్కృతంల ఉన్నది ఒట్టి 'పురాణం', మనదేమో 'కుల పురాణం'! వామనుడు బలిని తొక్కిన కథ ఏ కులానిది మరి? 1873లో జోతిబా పూలే 'గులాంగిరి'లో ఆ ప్రశ్న వేసి, బలిని మన రాజుగా చదివిండు. ఆయనకు ఏ జానపద శాఖా పట్టా ఇవ్వలేదు.

జాంబపురాణానికి చేతులు జోడించి ఊరుకుంటే చాలదు. అందులో జాంబవంతుడు భూమికంటే ఆరు నెలల ముందు పుట్టిన తాత. వినంగనే ఛాతీ ఉబ్బుతది. అదే పురాణంల కామధేనువు కథ వస్తది. ఆవు మాంసం వండిన కాడ మన పతనం మొదలైతది. ఈ కథ మనోళ్లు కట్టిందా, ఊరు మన నోట్లో పెట్టిందా? 1948లో బాబాసాహెబ్ అంబేద్కర్ 'అస్పృశ్యులు' పుస్తకంల గోమాంసానికీ అంటరానితనానికీ ఉన్న ముడి విప్పిండు. ఆవును చంపుడు పాపమైనంక, చచ్చిన ఆవును తినే వెలివాడోళ్లను అంటరానోళ్లను చేసిన్రని, అది సుమారు క్రీ.శ. 400 నాటి సంగతని వాదించిండు. కామధేనువు కథను ఈ వాదం పక్కన పెట్టి చదవాలె. కథ తెలిసినోళ్లు చరిత్ర చదవక, చరిత్ర తెలిసినోళ్లు వాడకు రాక ఆ పని సగంలనే ఉంది. శాఖలు కలవాలని మేమనేది అందుకే.

ఇంకో మాట మనల్ని మనం అడగాలె. నా చిన్నప్పుడు డక్కలి పటం తెస్తే మా ఇంటి గడప ఎక్కనిచ్చేటోళ్లం కాదు. వాడ అవతల చెట్టుకింద దిగేటోళ్లు. ఊరు మనల్ని పెట్టిన దూరంలనే మనం వాళ్లను పెట్టినం. మన వంశాలన్నీ వాళ్ల నోట్ల ఉండె, మన నీళ్ల కుండ మాత్రం వాళ్లకు అందకపాయె. పరిశోధన చేసే మన పిల్లలు ఈ సంగతి దాచొద్దు. దాస్తే మనమూ ఇంకో పురాణం రాసినట్టే.

నేను చదువుకునే రోజుల్లో ఒక వ్యాసంల కథ చెప్పినాయన గురించి 'ఒక డక్కలి వృద్ధుడు' అని మాత్రమే ఉండె. సేకరించినాయన పేరు పక్కన డిగ్రీలన్నీ ఉన్నయి. పన్నెండు మెట్ల కిన్నెర మొగులయ్యకు 2022లో పద్మశ్రీ ఇచ్చిన్రు, సంతోషం. 2024లో ఆయన కూలి పనికి పోతున్నడని పత్రికల్లో వచ్చింది. అసొంటి పెద్దమనిషిని వారానికి రెండు క్లాసులు చెప్పమని, నెలనెలా జీతమిస్తే యూనివర్సిటీ సొమ్మేం పోతది? డిగ్రీ లేదంటరు. పిల్లలు డిగ్రీలు తెచ్చుకునేది వాళ్ల కథల మీదనే గదా!

కథ చెప్పినోళ్ల పేరు, ఊరు పుస్తకం మీద ఉండాలె. రికార్డు చేసిన దాని నకలు వాడకు తిరిగి రావాలె. సంఘం కార్యకర్తలు తమ మండలంల పటం ఎవరి దగ్గరుందో, కథ ఎవరు చెప్తరో రాసి పెట్టండి. వాళ్లను పిలిచినప్పుడు ఇంట్లకు పిలువుండ్రి, అరుగు మీద కాదు.

ఆ పిల్ల దరఖాస్తుల పర్యవేక్షకుని పేరు రాసే కాడ ప్రొఫెసర్‌తోపాటు తనకు కథ చెప్పే డక్కలి తాత పేరు కూడా రాస్తనంటున్నది. వచ్చే నెల దరఖాస్తు పెడ్తది. రాయనిస్తరో, కొట్టేయమంటరో పై సంచికల తెలుపుతం.