జీతమును నిర్ణయించునది చదువా, లైసెన్సా?

సమానమైన విద్య గడించిన ఇరువురిలో ఒకని జీతము హెచ్చుగను, వేరొకనిది కొరతగను ఉండుటకు సామర్థ్యభేదమే కారణమని లోకము తలపోయును. కాని ఆ అంతరములో కొంత ప్రభుత్వ మొసంగు లైసెన్సు వలనను, మరికొంత చదివిన చదువునకును చేయు పనికిని గల పొత్తు వలనను ఏర్పడుచున్నదని అర్థశాస్త్రజ్ఞుల పరిశోధనలు తెలుపుచున్నవి.

అమెరికాలో 1950ల ఆరంభమున రాష్ట్ర చట్టముల ప్రకారము లైసెన్సు పొందవలసిన శ్రామికులు నూటికి ఐదుగురైనను లేకుండగా, 2008 నాటి సర్వేలో వారు సుమారు 29 శాతమని తేలినది. ఆ సర్వేను ఆధారముగా గొని మోరిస్ క్లైనర్, అలన్ క్రూగర్ అను ఆర్థికవేత్తలు 2013లో ప్రకటించిన వ్యాసమున, లైసెన్సు గలవారి వేతనము సుమారు 18 శాతము అధికమని లెక్కించిరి. అయితే ప్రభుత్వమే ఇచ్చినను, లేకున్నచో పనికి అడ్డురాని ధ్రువపత్రము వలన కలిగిన హెచ్చు మిక్కిలి స్వల్పము. నైపుణ్యమును చాటుట రెండింటికిని సమానమే గనుక, లైసెన్సు వలని లాభములో పెద్ద భాగము ఇతరులను వెలుపల నిలిపినందులకు దక్కిన మూల్యమని ఊహింపవచ్చును.

ఆ వెలుపల నిలిచినవారి నష్టమును మరియొక పరిశోధన సూచించుచున్నది. ఉద్యోగమునకు అవసరమైన ఒక్కొక్క ఏటి చదువు తెచ్చు ప్రతిఫలములో, అవసరమునకు మించిన ఏడు తెచ్చునది దాదాపు సగమేనని 1981లో డంకన్, హాఫ్‌మన్ అను ఆర్థికవేత్తలు అంచనా వేసిరి. ఉదాహరణమునకు, తెలుగునాట ఏండ్లతరబడి చికిత్స చేసిన వైద్యుడైనను, అమెరికా చేరిన పిదప యుఎస్ఎంఎల్ఇ అను వైద్య లైసెన్సు పరీక్షలు నెగ్గి, మరల రెసిడెన్సీ అను ఆసుపత్రి శిక్షణ చేసినగాని సాధారణముగా స్వతంత్రవైద్యమునకు అర్హుడు కాడు. ఈలోపల ఏ ప్రయోగశాలలోనో సహాయకుడుగా కుదిరెనేని, అతని విద్య తరుగకయే దాని వెల తరిగినది. లోపలివాని అధికవేతనమును, వెలుపలివాని అల్పవేతనమును ఒకే కంచెకు రెండు వైపులు.

మన దేశమున దీనికి విపర్యయము కూడ గలదు. వైద్యుని చీటీపై మందు లిచ్చుట రిజిస్టరైన ఫార్మసిస్టు పని యని 1948 నాటి ఫార్మసీ చట్టము శాసించుచుండగా, కొన్ని మెడికల్ షాపులలో గోడకు వ్రేలాడు సర్టిఫికెట్టు ఒకరిది, కౌంటరు కడ నిలుచు చేయి వేరొకరిది. పత్రము గలవానికి అద్దె ముట్టును. పని చేయువానికి గుమాస్తా జీతమే మిగులును. రోగికి మాత్రము చట్టము ఉద్దేశించిన రక్షణ దక్కదు.

కావున ప్రాణాపాయముతో ముడివడిన వృత్తులకు లైసెన్సును ఉంచి, ఆ లైసెన్సు గలవాడే పని కడ నుండునట్లు తనిఖీ చేయుటయు, తక్కిన వృత్తులకు ధ్రువపత్రముతో తృప్తిపడుటయు, అన్యదేశమున నేర్చినవారి నేర్పును సకాలమున పరీక్షించి ప్రవేశ మొసంగుటయు ప్రభుత్వముల కర్తవ్యము. పనివాని నేర్పునకు రావలసిన జీతము కాగితమునకు పోవుచున్నంతకాలము, లైసెన్సుల సంఖ్యను పెంచుట వలన ప్రజలకు భద్రత పెరుగదు.