నాటక మెట్లు మొదలుపెట్టవలెను?

సికిందరాబాదులో మేము కాపురముండు వీథిలోని స్త్రీలు దసరాకు నాటక మాడ నిశ్చయించి, వ్రాయు భారము మాపై మోపిరి. పంతులుగారి భార్య గదా, కావ్యములు చదువుకొన్నది గదా యని వారి నమ్మకము. మేమును సంతోషముతో నియ్యకొంటిమి. చదువు మాన్పించి పెండ్లి చేయదలచిన పిల్ల కథ వ్రాయవలెననుకొంటిమి. ఇంటరు ముగించిన యొక బాలికకు మా వీథిలోనే యా గతి పట్టబోవుచున్నది.

మొదట నాందియు, సూత్రధారుడు, నటియు, అటుపై స్త్రీవిద్యను గూర్చి మూడు పుటల యుపన్యాసమును వ్రాసితిమి. ఒక సాయంకాలము నలుగురిని కూర్చుండబెట్టి చదివి వినిపించితిమి. అందఱును మర్యాదకు తల లూచిరి. ఆ బాలిక మాత్రము, “పిన్నిగారూ, కథ యెప్పుడు మొదలగును?” అని యడిగెను. మాకు సిగ్గు కలిగెను. కాని యదియే మాకు గురూపదేశము.

మరల పుస్తకములు తీసితిమి. శాకుంతలమున ప్రస్తావన మిక్కిలి చిన్నది. అది ముగియగనే రాజు విల్లెక్కుపెట్టి లేడిని తరుముచు రథముపై వచ్చును. ఆశ్రమమృగమును చంపరాదని తపస్వి యడ్డుపడును. వేటకు వచ్చినవాడు ఆశ్రమమున కతిథి యగును. అక్కడనే కథకు దారి దొరకినది.

గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము 1892లో విజయనగరమున ప్రదర్శింపబడి, 1897లో అచ్చయ్యెను. ఆయన దానిని తిరుగ వ్రాసి 1909లో ప్రకటించెను. ఆ కూర్పున తెర లేచునప్పటికి గిరీశము బొంకులదిబ్బమీద నొంటరిగా నిలిచియుండును. అప్పులవారి బాధచే నాతడు ఊరు విడువవలెను. అంతలో పరీక్ష తప్పిన వెంకటేశము వచ్చును. వానికి తండ్రి భయము. ఇద్దరి యక్కఱలును కలిసినవి, కథ కదలినది.

కనుక కలము పట్టకమున్నే మూడు ప్రశ్నలు వేసికొనుడు. ఎవరి కేమి కావలెను? అడ్డుపడువా రెవరు? ఇది యీ దినముననే తేలవలసిన యవసర మేమి? ఈ మూడింటికి జవాబు దొరకిన చోటనే తెర లేపవలెను. పూర్వకథ నంతయు ముందే చెప్పరాదు, అవసరమైనపుడు పాత్రలే చెప్పుకొందురు. వ్రాసిన ప్రతి మాటను పైకి చదువుడు. నోట పలుకని మాట కొట్టివేయదగినది. ఇల్లాండ్రాడు నాటకమునకు ఒక్క గదియు, నలుగురైదుగురు పాత్రలును చాలును.

మే మిట్లు మార్చితిమి. తెర లేవగనే తల్లి యొక జాబును బియ్యపు డబ్బాలో దాచుచుండును. కుమార్తెకు కళాశాలలో చోటు దొరకినదని వచ్చిన జాబది. తండ్రి పెండ్లివారితో లోనికి వచ్చి, “ఏమే! ఇంకొక తవ్వెడు బియ్యము పోయుము, వీరు మనయింటనే భోజనము చేసెదరు” అనును. ఉపన్యాస మొక్క మాటయు లేదు. అయినను చూచువారి కన్నులన్నియు నా డబ్బామీదనే యుండును.

ఆ బాలిక చదివి కొంతసేపు మాటాడలేదు. పిమ్మట, “తల్లి వేషము మా అమ్మచేత వేయింపగలరా?” అని యడిగెను. ఆమె యింకను సమ్మతింపలేదు. దసరాకు రెండు నెలలున్నవి, మేము అడుగుచునే యున్నాము.