తలుపు తెరిచే వెలుగు

సంవత్సరంలోకెల్లా దీర్ఘమైన రాత్రులు డిసెంబరు నెలలోనివే. ధనుర్మాసం ప్రవేశించగానే, సూర్యోదయానికి ముందే లేచి ముంగిట ముగ్గు తీర్చి, దేవుని సన్నిధిలో దీపం వెలిగించే ఇళ్లు మన మధ్య ఎన్నో ఉన్నాయి. ఆ వేళలోనే, ఆ వీధిలోనే, క్రైస్తవ సోదరుల ఇళ్ల ముందు రంగు కాగితపు నక్షత్రాలు వెలుగుతూ ఉంటాయి. కార్తికంలో ధ్వజస్తంభం మీది ఆకాశదీపానికి నమస్కరించిన మనకు ఎత్తున వెలిగే ఆ దీపం వింతగా తోచదు. అయితే అది ఎవరి కోసం వెలుగుతున్నది? క్రిస్మస్ దీపకాంతి అంతరార్థమంతా ఈ ఒక్క ప్రశ్నలో ఇమిడి ఉంది.

క్రీస్తు జననాన్ని వర్ణించిన సువార్తలు రెండు. లూకా సువార్తలో, రాత్రివేళ పొలాల్లో మందలను కాచుకొంటున్న గొర్రెల కాపరుల చుట్టూ దివ్యకాంతి ప్రకాశిస్తుంది. మత్తయి సువార్తలో, తూర్పుదేశపు జ్ఞానులకు ఒక నక్షత్రం దారి చూపుతుంది. ఆ జ్ఞానులు మొదట యెరూషలేములో హేరోదు రాజు ఉన్నచోటికి వెళ్లారు. రాజు పుట్టేది రాజభవనంలోనే అనుకోవడం లోకసహజం. కానీ నక్షత్రం రాజభవనం మీద నిలువలేదు. బెత్లెహేములో శిశువు ఉన్న సామాన్య గృహం మీద నిలిచింది. సత్రంలో చోటు లేనందున తల్లి తన బిడ్డను పశువుల తొట్టిలో పరుండబెట్టిందని లూకా చెబుతాడు. చోటు దొరకని వారి చెంతకు, ఆరుబయట చలిలో మేలుకొని ఉన్నవారి చెంతకు వెలుగు ముందుగా వచ్చింది. ఆ గాథకు ఆయువుపట్టు ఇదే.

యేసు ఏ తేదీన జన్మించినదీ సువార్తలు చెప్పవు. రోమ్ నగరంలో 336 నాటికే డిసెంబరు 25ను ఆయన జన్మదినంగా పాటించేవారని ఒక ప్రాచీన పంచాంగం వల్ల తెలుస్తోంది. సుదీర్ఘమైన రాత్రి గడిచి పగటి కాలం పెరగడం మొదలయ్యే తరుణమది. సూర్యుని ఉత్తరాయణాన్ని పుణ్యకాలంగా భావించే మన సంప్రదాయానికి ఈ ఆనందం తెలియనిది కాదు.

ఆ గాథలోని సారాన్ని సామాన్యుల ఆచారాలు పదిలంగా కాపాడుకొన్నాయి. జర్మనీలోని హాంబర్గ్‌లో నిరుపేద బాలలకు ఆశ్రయమిచ్చిన జోహాన్ హిన్రిక్ విషెర్న్ అనే మతాచార్యుడు 1839లో ఒక చక్రం మీద కొవ్వొత్తులు అమర్చాడు. ఆదివారాలకు పెద్దవి, తక్కిన దినాలకు చిన్నవి. రోజుకొకటి చొప్పున వెలిగిస్తూ ఉంటే పండుగ నాటికి చక్రమంతా కాంతివలయమయ్యేది. నిరీక్షణ అంటే దినదినమూ పెరిగే వెలుగని ఆ దిక్కులేని పిల్లలు కళ్లారా నేర్చుకొన్నారు.

ఐర్లండ్‌లో క్రిస్మస్ ముందునాటి రాత్రి కిటికీలో దీపం ఉంచుతారు. చోటు దొరకక తిరిగిన మరియ, యోసేపులకూ, ఆ దారిన వచ్చే బాటసారికీ ఈ ఇంట చోటున్నదని ఆ దీపం తెలుపుతుంది. బతుకుతెరువుకై దేశాంతరాలు వెళ్లిన ఐరిష్ ప్రజలను తలచుకొంటూ 1990లో ఆ దేశాధ్యక్షురాలు మేరీ రాబిన్‌సన్ తన అధికార నివాసపు కిటికీలో దీపం ఉంచారు. బిడ్డలను దూరదేశాలకు పంపి ఎదురుచూసే మన తల్లిదండ్రులకు ఆ దీపం భాష ఎవరూ వివరించనక్కరలేదు.

మన తెలుగు నేల మీద మెదక్ చర్చి ఈ భావానికే రాతిరూపం. 1914లో మొదలైన దాని నిర్మాణం పదేళ్లు సాగి, 1924 డిసెంబరు 25న ప్రారంభోత్సవం జరిగింది. కరవు కాలంలో ఆకలితో అలమటిస్తున్న వారికి పనీ తిండీ కల్పిస్తూ చార్లెస్ వాకర్ పాస్నెట్ ఆ నిర్మాణాన్ని నడిపారు. అందులోని రంగుగాజు కిటికీలపై క్రీస్తు జననం, సిలువ, ఆరోహణ ఘట్టాలు చిత్రితమై ఉన్నాయి. బయట నిలిచి చూస్తే ఆ గాజు మసకగా కనిపిస్తుంది. లోపలికి అడుగుపెడితే సూర్యకాంతితో ఆ చిత్రాలు ప్రాణం పోసుకొంటాయి. పొరుగువాని పండుగ కూడా అటువంటిదే. వాకిట నిలిచి చూసినవారికి అలంకారం కనిపిస్తుంది; ఆదరంతో లోపలికి తొంగిచూసినవారికి అర్థం కనిపిస్తుంది.

న్యూయార్క్‌లో 1882లో ఎడ్వర్డ్ జాన్సన్ తన ఇంటి క్రిస్మస్ చెట్టుకు 80 విద్యుద్దీపాలు అమర్చాడు. అటుపిమ్మట ఆ కాంతులు లోకమంతటా వ్యాపించాయి. అలంకారం దోషం కాదు; కానీ దీపాల ఆడంబరంలో దీపం చెప్పే మాట వినిపించకుండా పోవడం విషాదం. గాజా యుద్ధం కారణంగా 2023, 2024 సంవత్సరాల్లో బెత్లెహేములో పండుగ చెట్టును వెలిగించలేదు. 2023లో అక్కడి లూథరన్ చర్చిలో బాలయేసు ప్రతిమను శిథిలాల నడుమ ఉంచారు. వీధుల్లో తోరణాలు లేకున్నా ప్రార్థనలు ఆగలేదు. ఇల్లు కోల్పోయినవారిని స్మరించిన ఆ చీకటి పండుగ, తొలి క్రిస్మస్‌కు ఎంతో చేరువగా నిలిచింది.

చీకటి నుంచి వెలుగులోకి నడిపించమని బృహదారణ్యకోపనిషత్తు ప్రార్థించింది. అతిథిని దైవంగా భావించమని తైత్తిరీయోపనిషత్తు బోధించింది. ఈ రెండింటినీ కలిపి ఆచరించినప్పుడే మన దీపారాధన పూర్ణమవుతుంది. దేవుని గదిలో అఖండదీపం వెలుగుతూ ఉండగా, పక్క గదిలో వృద్ధులు పలకరింపు లేక ఒంటరిగా ఉంటే ఆ వెలుగు ఎంతవరకు ప్రసరించినట్లు? మన గుమ్మంలో కాపలా కాసే మనిషి చలికి వణుకుతుంటే, వేరొక మతం వాడని అద్దెకు వచ్చినవాడికి ఇల్లు లేదని చెబితే, దీపం కింద చీకటి అన్న నానుడి మనకే వర్తిస్తుంది.

పొరుగింటి నక్షత్రం మన విశ్వాసాన్ని మార్చుకొమ్మని అడగదు. మన దీపాన్ని మనం ఎవరి కోసం వెలిగిస్తున్నామో ఆలోచించుకొమ్మంటుంది. ఈ పండుగ వేళ దీపం వెలిగించిన చేతితోనే ఒకసారి తలుపు గడియ కూడా తీద్దాం. చీకటిలో నిలిచినవాడు ఇంట్లోకి రాగలిగిన నాడే దీపం వెలిగినట్లు.